బోణీకి పోయిన జంపఖానా

మా బావకు, అంటే అక్క మొగుడికి, మిలిటరీ వాళ్లు అమ్మేసిన పాత జీపు ఒకటి ఉండేది. దాని వెనక తగిలించడానికి రెండు చక్రాల ట్రైలర్. అరవైల మొదట్లో, ఒక చలికాలం ఉదయం, ఆ ట్రైలర్ నిండా వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానాలు కట్టి హైదరాబాదు బయలుదేరాం. ఢిల్లీ నుంచి విమానంలో వచ్చే ఒక వ్యాపారి, మద్రాసు విమానం ఎక్కేలోగా బేగంపేట విమానాశ్రయంలోనే సరుకు చూస్తానన్నాడు.

నేను బావ దుకాణంలోనే పనిచేసేవాణ్ణి. ఆ సరుకులో ఒకటి నాది. నాదంటే, ఖిలాలోని రాతి తోరణం మీది హంసలను గళ్ల కాగితం మీద దించి, ఇద్దరు నేతగాళ్ల పక్కన వానకాలమంతా కూర్చుని అంచుగా నేయించింది. అప్పటిదాకా మా దుకాణంలో చారలవి తప్ప ఉండేవి కావు. ఆ వ్యాపారి దాన్ని చూడాలి. ఆ ప్రయాణంలో నాకు అంతకు మించి పని లేదు.

జీపులో బావ పక్కన గుమాస్తా కూర్చున్నాడు.

"నువ్వు ఎన్కాల కూసో బామ్మర్దీ. మెత్తటి సరుకు మీద నవాబు లెక్క పోవచ్చు" అన్నాడు బావ. గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

జనగామ చేరకముందే ట్రైలర్ కొక్కెం విరిగింది. నేనూ గుమాస్తా దాన్ని తోసుకుంటూ రోడ్డు పక్కనున్న కమ్మరి కొట్టానికి చేర్చాం. తోసింది ఎక్కువగా నేనే. పని చేయడానికి వీలుగా సరుకంతా దించమన్నాడు కమ్మరి. దించుతుండగా ఒక పటేలు వచ్చాడు. ఇంట్లో పెండ్లట. చుట్టాలు కూర్చోవడానికి పెద్ద జంపఖానా కావాలన్నాడు. నలగకూడదని నేను అన్నిటికన్నా పైన పెట్టిన నా హంసలదాన్నే పట్టుకున్నాడు.

"అది అమ్మేది కాదు పటేలా. గా చారలది జూడుండ్రి" అన్నాను.

"నాకు గీ పిట్టలదే గావాలె."

నేను బావ చేయి పట్టుకున్నాను. "బావా, ఢిల్లీ ఆయనకు సూపెట్టాల్నని తెచ్చినం గద!"

"పొద్దుగాల బోణీ బేరం. లేదంటె దినమంత ఖరాబైతది" అన్నాడు బావ. రోజులో మొదట వచ్చిన గిరాకీని ఒట్టి చేతులతో పంపడం వాళ్ల వంశంలోనే లేదు. "మగ్గం యాడికి పోతది? మళ్ల నేపిచ్చుకోరాదూ?"

డబ్బు కళ్లకద్దుకున్నాడు. పటేలు జంపఖానాను బండిలో వేయించుకుని వెళ్లిపోయాడు. అవి పిట్టలు కావు, హంసలని చెప్పాలని కూడా నాకు అనిపించలేదు. కొక్కెం బాగై జీపు కదిలాక కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

బేగంపేటలో విమానం ఆలస్యమన్నారు. ఢిల్లీలో పొగమంచట. ఇంకొంత సేపటికి మళ్లీ ఆలస్యమన్నారు. బావా గుమాస్తా ఇరానీ హోటల్‌కు పోయి చాయ్ తాగి వచ్చారు. సరుకు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, నిజమే. నాకొకటి తేవచ్చు. తేలేదు. ట్రైలర్ చక్రానికి ఆనుకుని కూర్చున్నాను. ఏదో విమానం దిగింది, ఏదో ఎగిరింది. తలెత్తి చూడలేదు.

ఆ వ్యాపారి వచ్చేసరికి పొద్దు వాలింది. మద్రాసు విమానానికి అట్టే వ్యవధి లేదు. నిలబడే సరుకు తిరగేశాడు. "ఇటువంటివి ఢిల్లీలోనూ దొరుకుతాయి. చూడగానే వరంగల్‌ది అనిపించేది ఏదైనా ఉందా?" అని హిందీలో అడిగాడు.

బావ నా వైపు చూశాడు. నేను ట్రైలర్ వైపు చూశాను. ఉంది, పంపిస్తామన్నాడు బావ. చూడనిది కొననని ఆయన నవ్వి, మర్యాద కోసమన్నట్టు కొన్ని చారలవి ఆర్డరు చెప్పి వెళ్లిపోయాడు.

తిరుగు దారిలో భువనగిరిలో జీపు ఆపి బావ అన్నాడు. "సూసినవా బామ్మర్దీ, బోణీ మంచిగైంది. ఆర్డర్ దొరికె!"

నేను ట్రైలర్ దిగాను. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. మిగతా ఒళ్లు కూడా అట్లాగే ఉన్నట్టు తోచింది.

కొద్ది రోజులకు బావ కొత్తవాడలో మగ్గం దగ్గరికి వచ్చాడు.

"ఆ ఢిల్లీ సేటు మళ్ల వస్తాండట. గా పిట్టలది ఇంకోటి నేపియ్యి."

"నేపియ్య."

"ఎందుకురా? నూలున్నది, మగ్గం ఖాళీగున్నది."

"పటేలు ఇంట్ల ఉన్నది గద. అడిగి తెచ్చుకో బావా."

"ఒక్క జంపఖానకు గింత పంతమా! మీ అక్కనే నయం గదరా!"

నేతగాళ్లు పని ఆపి మా మాటలే వింటున్నారు. బావ వెళ్లాక, మగ్గం మీద ఏం ఎక్కించాలని అడిగారు. చారలవే ఎక్కించమన్నాను.