మలుపు దగ్గర కరెంటు స్తంభం

తిని తొంగోవడం తప్ప, మీ తాత ఎట్ట పోయినాడని ఒక్కరన్నా ఈ అవ్వను అడిగినార్రా? డెబ్బై ఆరులో దుత్తలూరు దారి మలుపులో కరెంటు స్తంభం నిలిపినాడు. దాన్ని ఒకపక్క మూడు తీగలు, అడ్డంగా ఇంకోపక్క నాలుగు తీగలు లాగతాయి. తీగకొక జాన లెక్కన నేల మీద ఇటు మూడు జానలు, అటు నాలుగు జానలు గీసి, పెట్టె మాదిరి మూసి, స్తంభం మూల నుంచి ఎదురు మూలకు కొలిచినాడు. అయిదు జానలు వచ్చింది.

"అయిదు తీగల లాగుడు ఈ గీత వెంబడే ఉండాది. స్తంభం ఒరగకుండా నేలకు బిగించే స్టే తీగ దీనికి సరీగ్గా ఎదురుగా కట్టాల," అన్నాడు.

ఎదురుగా ఉండేది ఊళ్లో పెద్ద ఆసామి చేను.

"నా చేన్లో ఏందిరా పెంచలా, పక్కన గట్టు మీద కట్టుకో," అన్నాడు ఆ మారాజు. పని చేయించే సూపర్వైజరు ఆసామి మాటకే తలూపినాడు. పక్కకు కట్టిన తీగ ఏం ఆపుద్ది? తీగలు బిగించంగానే స్తంభం ఒరిగిపోయింది. మీ తాత పైనే ఉన్నాడు.

ఆయనకు ముప్పై రెండేండ్లు.