ఏరొస్తన్నాది

“నాగావళి నీరు విడుదల చేయడమైనది” అని నదీ సంఘం మైకులోనూ వాట్సాప్‌లోనూ చాటింది. కాలువ నీటికి ఎదురుచూస్తున్న రైతులు సంబరంగా పారలు పట్టుకుని పొలాలకు పరుగెత్తారు. వచ్చింది వరద. మనుషులు ఎలాగో గట్టెక్కారు గానీ, ఏటి ఒడ్డున ఉండే రైతు జగ్గమ్మ గేదెలు కొట్టుకుపోయాయి.

సంఘం కొత్త కార్యదర్శి అనూరాధది ఆ జిల్లాలోనే పొందూరు; అక్కడి యాస ఆమెకు ఇంటి భాషే. పరామర్శకు వెళ్తే జగ్గమ్మ కడిగేసింది: “ఇడుదలంటే మడికి నీరనుకున్నాం. ఏరొస్తన్నాదని సెప్పడానికి మీకేటమ్మా నామోషీ?”

అనూరాధ ఆ రోజే ప్రకటనను జగ్గమ్మ మాటల్లోకి మార్చి రాసింది. అధ్యక్షుడు నరసింగరావు మొహం చిట్లించాడు. “ఇది ఆఫీసు భాషేనా? పరువు పోతుంది.”

“పోనీండి సార్. ఈసారి గేదెలు పోకూడదు.”

మళ్లీ వరదొచ్చినప్పుడు ఆమె మైకు తీసుకెళ్లి జగ్గమ్మ చేతికే ఇచ్చింది.

“ఒరే, ఏరొస్తన్నాది! గొడ్లని మెరకకి తోలండర్రా!”

ఒక్కడూ పార ముట్టుకోలేదు.