గుర్రం ముందున్న తొమ్మిది

కజఖ్ గడ్డిమైదానంలో తిలెప్ మూడు రోజులు ఒక్కచోట ఉన్నట్టు ఎవరూ చెప్పలేరు. భుజాన రెండు తీగల దొంబ్రా, కింద బూడిదరంగు గుర్రం. అంతే అతని సంసారం. పెళ్లికి వెళ్లి, ఎవరేం కానుక ఇచ్చారో పాడి వినిపించి, మాంసం నోట్లో ఉండగానే జీను బిగించేవాడు.

అక్కడ పెళ్లి కానుకంటే తొమ్మిది ఉండాలి, ముందు ఒక పశువు. ఆ తొమ్మిదింటి గుత్తిని తొగుజ్ అంటారు. ముందు ఒంటె నిలిస్తే గొప్ప, గుర్రమైతే పరువు, ఆవైతే ఏదో గట్టెక్కినట్టు.

ఆ వేసవిలో విధవరాలు షార్‌బాను కూతురి పెళ్లి. వియ్యాలవారికి పాడి ఆవు ముందు పెట్టి, తివాచీలూ కోట్లూ కలిపి తొమ్మిది పేర్చింది. తిలెప్ మనసు ఏటి అవతలి పెళ్లి మీద ఉంది. తొందరగా తీగ మీటాడు. నోరు అలవాటు దారిన పరుగెత్తింది. పాత పాటల్లో తొగుజ్‌కు ముందు గుర్రమే కదా!

"గుర్రం ముందు నడిచే తొమ్మిదీ..."

పెళ్లికొడుకు తండ్రి ఎర్దెన్ మీసం దువ్వాడు. "ఏరా తిలెప్, మీ ఊళ్లో గుర్రాలకి కొమ్ములొస్తాయా?"

జనం విరగబడి నవ్వారు.

"నవ్వకండి. పాటలో అన్నాక ఇచ్చినట్టే. గుర్రమేది వదినా?" అన్నాడు ఎర్దెన్.

షార్‌బాను తిలెప్ చొక్కా పట్టి లాగింది. "నీ నోరు పడిపోనూ! నాకెక్కడిదిరా గుర్రం? మాట తప్పిందని నా పిల్లని బతికినన్నాళ్లూ దెప్పుతారు."

"తప్పైపోయిందక్కా."

పొరపాటని చెప్పినా ఆ పిల్లకి దెప్పులు తప్పవు. తిలెప్ గుంజ దగ్గరికి పోయి, జీను విప్పి, గుర్రాన్ని తెచ్చాడు.

"చూసుకో మామా, కొమ్ముల్లేవు."

"ఇది నీదే కదరా!"

"పొద్దున్నే అక్క కొనేసింది."

"ఎంతకి?"

"తొమ్మిది బౌర్సాకులకి. నూనెలో బాగా వేగిన పిండి ఉండలు."

ఎర్దెన్ కూడా నవ్వేశాడు. గుర్రం పళ్లు చూసి తల ఊపాడు.

తిలెప్ ఆవు తాడు తెచ్చి షార్‌బాను చేతిలో పెట్టాడు. "ఇప్పుడిది పదోది. తొగుజ్‌లో పట్టదు. నీ పాలు నువ్వే తాగు."

"ఒరే, ఉండరా! ఈ ఎండలో ఎక్కడికి?"

అప్పటికే జీను భుజాన వేసుకుని గడ్డి దారిన పడ్డాడు. వంద అడుగులు పోయాక అలవాటుగా ఈల వేశాడు. వెనక గుడారాల దగ్గర గుర్రం సకిలించింది. తిలెప్ నడక పెంచాడు.