బావ స్టీరింగుకి కట్టిన గాలిసంచి

ప్రాణం కాపాడాలని చేసిన వస్తువుతో సొంత బావ బతుకుతెరువునే పేల్చేసిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. నేను మాత్రం గడ్డం గీసుకునేటప్పుడల్లా అద్దంలో చూస్తుంటాను. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందని పెద్దలు వాపోయారు గానీ, వాళ్ళకి కనీసం కోతైనా దక్కింది. నాకు దక్కింది బాంబు. దాన్ని కూడా ఊరికే పేల్చలేదు. పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ పేల్చాను.

మీరు నవ్వుకోండి. నవ్వించడానికే రాస్తున్నాను. మధ్యలో నా గొంతు కాస్త బొంగురుపోతే పట్టించుకోకండి.

ఎనభైల మొదట్లో మాట. అప్పుడు నేను నందిగామలో, హైవే పక్కన, రత్తయ్యగారి టైర్ల షాపులో పనిచేసేవాణ్ణి. లారీ ట్యూబులకి పంచర్లు వేయడం, అరిగిన టైర్లకి కొత్త రబ్బరు అతికించడం మా పని. డిప్లొమా చదువు మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ణి కాబట్టి, షాపు మొత్తానికి నాకే తెలివి ఎక్కువని నా గట్టి నమ్మకం. సగం చదువు పచ్చికట్టె లాంటిది. వెలుగు తక్కువ, పొగ ఎక్కువ.

మా రమణక్కని జగ్గయ్యపేటలో ఇచ్చాం. బావ పేరు కోటయ్య. ఆయనకి సొంత అంబాసిడర్ కారు ఉండేది. టాక్సీగా తిప్పేవాడు. పేటలో ఎవరు పురిటికి బయల్దేరినా, పెళ్ళిచూపులకి బయల్దేరినా, బెజవాడ పెద్దాసుపత్రికి బయల్దేరినా బావ కారే కావాలి. ఆయన గేరు మారిస్తే వెనక సీట్లో చంటిబిడ్డ నిద్ర చెదిరేది కాదు.

ఒక సాయంత్రం కంచికచర్ల దాటాక, దీపం లేని పత్తిబండి ఒకటి ఉన్నట్టుండి కారుకి అడ్డంగా వచ్చింది. ఎద్దుల్ని తప్పించబోయి బావ కల్వర్టుని గుద్దాడు. కారులో ఇంకెవరూ లేరు. ఎద్దులు క్షేమం. బావకి మాత్రం స్టీరింగు వచ్చి రొమ్ముకి కొట్టుకుని పక్కటెముకలు విరిగాయి.

ఎముకలు అతుక్కున్నాయి. కారూ బాగయింది. బావే బాగుకాలేదు. డ్రైవర్ సీట్లో కూర్చోగానే ఆయనకి ఒళ్ళంతా చెమటలు పట్టేవి. "ఆ చక్రం నా మీదికొస్తంది రమణా" అంటూ దిగిపోయేవాడు. చివరికి కారు మీద టార్పాలిన్ కప్పేశారు. దాని కింద కోళ్ళు కాపురం పెట్టాయి. ఇల్లు గడవాలి కదా, అక్క మిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో ఒక ఆదివారం నేను పేట వెళ్ళాను. అక్క నాకు అన్నం వడ్డించి, పక్కన మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ ముంచుకుని కూర్చుంది.

"మండుతున్నాయా అక్కా?"

"అలవాటవుద్దిలే. చేతుల మంట కాదురా సాంబా నా బాధ. మీ బావ నా మొహంలోకి చూడ్డం మానేశాడు. కారు తోలకపోతే పోనీ. ఆయన తలెత్తి నన్ను చూస్తే చాలు."

ఆ మాట విన్న తమ్ముడు ఏం చెయ్యాలి? బావ పక్కన కాసేపు కూర్చోవాలి. నేనలా చేస్తే మీకీ కథే లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా పెట్టేవాడు ఒక్కడే లోకంలో. బామ్మర్ది.

షాపులో చేతులు తుడుచుకోవడానికి పాత కాగితాలు తెప్పించేవారు. వాటిలో ఒక ఇంగ్లీషు మోటారు పత్రిక పేజీ నా కంటపడింది. ఎక్కడో విదేశాల్లో కార్లకి కొత్త ఏర్పాటు చేస్తున్నారట. కారు దేన్నైనా గుద్దగానే స్టీరింగులోంచి ఒక సంచి బుస్సున ఉబ్బి, డ్రైవర్ రొమ్ముని దిండులా ఆపుతుందట. బొమ్మ కూడా వేశారు. గుద్దిన క్షణంలోనే సంచి ఎలా ఉబ్బుతుందో రాసిన భాగం మీద ఎవరో గ్రీజు తుడిచారు. నేను ఏమాత్రం జంకలేదు. చిటికెలో ఉబ్బించడం మనకి చేతకాదు, ముందే ఉబ్బించి కట్టేద్దాం అనుకున్నాను. ఆ విదేశీ ఇంజనీర్లకి ఇంత తేలిక ఉపాయం తట్టనందుకు జాలి కూడా పడ్డాను.

స్కూటరు ట్యూబు తీసుకున్నాను. దానికి రెగ్జిన్ గుడ్డతో తొడుగు కుట్టించాను. సైకిల్ ట్యూబు పీలికలతో స్టీరింగు మధ్యలో కట్టేలా తాళ్ళు పెట్టాను. రత్తయ్యగారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశారు.

"ఏంట్రా సాంబా, స్టీరింగుకి గారె తొడుగుతున్నావా?"

"గారె కాదండీ, ప్రాణరక్షణ."

"ఎవరి ప్రాణానికి?"

"మా బావకండీ."

"మీ అక్కకి తెలుసా?"

ఆయన వెటకారాన్ని నేను లెక్కచేయలేదు. ఆ తర్వాతి ఆదివారం పేట వెళ్ళి, కోళ్ళని తరిమి, సంచి బిగించి, పంపుతో గాలి కొట్టాను. కొట్టానో లేదో, హారన్ మోగడం మొదలైంది. అంబాసిడర్ హారన్ స్టీరింగు మధ్యలోనే ఉంటుంది కదా, సంచి ఉబ్బి దాన్ని అదిమేసింది. వీధి వీధంతా బయటికొచ్చింది. గాలి తీస్తే హారన్ ఆగుతుంది, సంచి వాడిపోతుంది. గాలి కొడితే సంచి నిలబడుతుంది, ఊరు లేస్తుంది. రెండింటికీ మధ్య రాజీ కుదిర్చేసరికి మధ్యాహ్నమైంది.

తర్వాత పరీక్ష. నా రొమ్ముతో చేద్దామనుకున్నాను గానీ, దేశానికి నా అవసరం ఉందనిపించి మంచి గుమ్మడికాయ తెప్పించాను. సీట్లోంచి దాన్ని సంచి మీదికి బలంగా విసిరాను. ఎంత వేగంగా వెళ్ళిందో అంతకి రెట్టింపు వేగంతో వచ్చి నా ముక్కు మీద వాలింది. ముక్కులోంచి రక్తం కారుతుండగా అరిచాను.

"చూశావా బావా! కాయకి గీత కూడా పడలా!"

బావ చాలాకాలం తర్వాత నవ్వాడు. లేచి వచ్చి సీట్లో కూర్చుని, మెల్లగా ముందుకి వంగి, సంచికి రొమ్ము ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"మెత్తగా ఉందిరా సాంబా."

గుమ్మంలో నిలబడ్డ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అప్పుడే ఒక చిన్న దేవుణ్ణయిపోయాను.

ఇక ప్రతి ఆదివారం సంచికి సర్వీసింగు. విప్పి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూసేవాణ్ణి. తుడిచి, ట్యూబు అంటుకోకుండా అక్క ముఖానికి రాసుకునే పౌడరు దండిగా చల్లి, మళ్ళీ తొడుగులో పెట్టేవాణ్ణి. "ఏరా, నేను పూసుకోడానికి లేకుండా దానికే పోస్తన్నావు" అని అక్క కేకలేసేది. కేకల్లో కోపం ఉండేది కాదు. బావ ముందు ఇంజను వేయకుండా కూర్చున్నాడు. తర్వాత వేసి కూర్చున్నాడు. ఆ తర్వాత పొద్దున్నే మార్కెట్ యార్డు ఖాళీ స్థలంలో మెల్లగా తిప్పాడు. చెమట పట్టేది, అయినా దిగిపోయేవాడు కాదు. రొమ్ము ఒకసారి సంచికి ఆనించుకుని మళ్ళీ గేరు వేసేవాడు.

చివరికి ఒక శుక్రవారం హైవే ఎక్కుదామన్నాడు. నందిగామ దాకా వెళ్ళి రావాలని, వెనక సీట్లో అక్క కూర్చోవాలని ఆయనే అన్నాడు. అక్క ఆ రోజు గోడౌను మానేసింది. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

బండి బయటికి తీస్తున్నప్పుడు పూజ చేయాలి కదా. అక్క చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. బావ ఎప్పుడూ అగరువత్తులు డాష్‌బోర్డు సందులో గుచ్చేవాడు. ఆ రోజూ అటే చెయ్యి చాపాడు. నేను ఆపాను.

"అక్కడెందుకు బావా? దసరాకి కత్తికీ సుత్తికీ పూజ చేస్తాం గదా. నిన్ను కాపాడేది ఇది. పూజ దీనికి జరగాలి."

సంచికి పసుపు రాశాను. కుంకుమ బొట్లు పెట్టాను. ఒక కట్ట అగరువత్తులు వెలిగించి, తొడుగు కట్టిన పీలికల మధ్య గుచ్చాను. దారిలో ఊడిపోకూడదని పుల్ల మాత్రమే కాకుండా పైన మండే మసాలా కూడా కొంత లోపలికి దిగేదాకా నొక్కాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాం. బావ చేతులు స్థిరంగా ఉన్నాయి. కొంత దూరం వెళ్ళాక కళ్ళు నులుముకున్నాడు.

"సాంబా, పొగ కళ్ళలోకి వస్తంది. అయి తీసి అవతల పారెయ్."

"దేవుడి పొగ బావా. మధ్యలో తీస్తే అపశకునం."

"కళ్ళు మండుతున్నయ్ రా."

"ఆగు బావా, అయిపోవచ్చినై. నువ్వేం కంగారుపడమాక."

"తీసెయ్యరా ఆయన అడుగుతంటే" అంది అక్క వెనకనుంచి.

"నీకు తెలీదు, ఊరుకో అక్కా!"

బావ ఇంకోసారి కళ్ళు నులుముకున్నాడు. తల కొంచెం ఎత్తి అద్దంలోకి చూశాడు. వెనక వస్తున్న బండి కోసం అనుకున్నాను. కాదు, అక్కని చూస్తున్నాడు. అక్క కూడా చూసింది. సిగ్గుపడి కిటికీ వైపు తిరిగింది.

అప్పుడు పేలింది.

లారీ టైరు పేలడం నాకు రోజూ అలవాటే. కానీ మూసిన కారులో, రొమ్ముకి ఎదురుగా, స్కూటరు ట్యూబు పేలితే వచ్చే చప్పుడు వేరు. కారంతా తెల్లటి మేఘం కమ్మేసింది. అక్క పౌడరంతా ఒక్కసారిగా పైకి లేచింది. బావ రెండు చేతులూ స్టీరింగు వదిలేసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎదురుగా వస్తున్న లారీ హారన్ కొడుతూ మమ్మల్ని వెంట్రుకవాసిలో దాటుకుని పోయింది. కారు తనంతట తాను రోడ్డు దిగి, మిరపచేలోకి దొర్లి, గట్టుకి ఆనుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

చేలో కాయలు కోస్తున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకామె లోపలికి తొంగిచూసి అరిచింది.

"ఏందమ్మా ఇది! కారులో పెళ్ళి చేసుకుంటన్నారా ఏంది? ముగ్గురికీ మొహాల నిండా పౌడరే!"

అందరూ నవ్వారు. ఏ మాటకామాటే చెప్పాలి, నాకూ నవ్వొచ్చింది. బావ వైపు తిరిగాను. తెల్లటి మొహం మీద రెండు కళ్ళనుంచీ నీళ్ళు చారలు కట్టి దిగుతున్నాయి. ఆయన ఇంజను ఆపి, తాళాలు తీసి, వెనక్కి తిరిగి అక్క ఒళ్ళో పెట్టాడు. తలుపు తీసుకుని పేట వైపు నడవడం మొదలుపెట్టాడు. అక్క మంచి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మిరపచేనుకి అడ్డంపడి ఆయన వెనకే పరిగెత్తింది. నేను పేలిన సంచిని పరీక్ష చేస్తూ కూర్చున్నాను. కారణం కనిపెట్టాలి గదా మరి. ఇంజనీర్ని.

కారు అమ్మేశారు. బావ కూడా అక్క పనిచేసే గోడౌనులోనే కాటా దగ్గర కుదిరాడు. పొద్దున్నే ఇద్దరూ కలిసి నడిచి వెళ్ళేవారు. మాట్లాడుకునేవారు, మంచిచెడ్డలు చూసుకునేవారు. కానీ ఆయన అక్క మొహంలోకి మళ్ళీ నేరుగా చూడగా నేను చూడలేదు. పేటలో కుర్రకారు మాత్రం నన్ను చూస్తే "బాంబుల సాంబడొచ్చాడు, అగ్గిపెట్టెలు దాచండి" అనేవారు. నేను వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. అలా నవ్వితే తప్పు చిన్నదైపోతుందని నా ఆశ.

కొన్నేళ్ళకి మిరప ఘాటు బావ ఊపిరితిత్తుల్ని పట్టేసింది. మంచంలో ఉన్నప్పుడు వెళ్ళాను. ఎన్నాళ్ళుగానో గొంతులో అడ్డంపడిన మాట ఆ రోజు బయటపెట్టాను.

"బావా, ఆ రోజు పొగ తీసెయ్యమన్నావు. నేను తియ్యలేదు. అందుకేగా నువ్వు కారు మానేసింది."

బావ చాలాసేపు దగ్గాడు.

"నీ సంచి పేలినందుక్కాదురా. చప్పుడు కాంగానే నా చేతులు నా మొహం దగ్గరికొచ్చినయ్. వెనక మీ అక్క ఉందన్న సంగతి నాకు గుర్తే రాలా. నా మొహమే గుర్తొచ్చింది. అట్టాంటోడు ఇంకోళ్ళ పెళ్ళాంబిడ్డల్ని ఎక్కించుకోవచ్చా?"

మంచం అవతల కూర్చున్న అక్కకీ ఆ మాట అప్పుడే తెలిసినట్టుంది. ఆమె ఆయన చెయ్యి తీసుకుని, తన మొహానికి ఆనించుకుని, అలాగే పట్టుకుంది. బావ ఆమె వైపు చూశాడు. ఈసారి అద్దంలోంచి కాదు.

నేను ముక్కు చీదుకోవడం విని ఆయన నా వైపు తిరిగాడు.

"ఏడవమాకరా బామ్మర్దీ. ఒక రకంగా నీ సంచి గట్టిదే. అది కట్టినాక నాకు మళ్ళా యాక్సిడెంటు కాలా."

ఆ నెలలోనే ఆయన పోయాడు. ఇప్పటికీ ఈ మాట చెప్పినప్పుడల్లా జనం పడీపడీ నవ్వుతారు. బావ చెప్పిందే అలా, నవ్వాలనే.

కనుక, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, మా మునేరు ఏటి ఇసుక గుప్పిట్లో పట్టుకుని, ఉత్తరీయం సర్దుకుని, తూర్పు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. రబ్బరుతో చేసిన ఏ వస్తువుకీ ధూపం వెయ్యను. గ్రీజు కింద ఉన్న అక్షరాలు చదవకుండా ఏ యంత్రమూ చెయ్యను. అన్నిటికీ మించి, ఎవరి భయానికీ మరమ్మతు చెయ్యబోను. భయపడే మనిషి కనిపిస్తే వెళ్ళి పక్కన కూర్చుంటాను. కళ్ళు మండుతున్నాయంటే వింటాను. స్పానరు మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్తాను.