రేడియో

మరమగ్గాల షెడ్డులో ఆమెను రేడియో అనేవారు. పుట్టుకతోనే చెవుడు. పూర్వజన్మ పాపమని తల్లి ఏడ్చేది, నరాల లోపమని డాక్టరు తేల్చాడు. షెడ్డులో మాత్రం ఆ మోతకు ఎవరికీ ఏమీ వినపడదు గనక, అందరూ పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకునేవారు. కొత్తవాళ్ళకు ఆ విద్య నేర్పేది ఆమే. ఎవరింట్లో గొడవైనా మధ్యాహ్నానికల్లా ఆమె చేతుల మీదుగా షెడ్డంతా పాకేది. అందుకే ఆ పేరు.

తర్వాత చప్పుడు చెయ్యని మిషన్లు దిగాయి. అవి నోరు మూసుకోగానే మనుషులకు నోళ్ళు లేచాయి. ఆమె చెయ్యి ఊపితే, "తర్వాత చెప్తాలే అక్కా" అనేసి అటు తిరిగేవారు.

ఒకనాడు, ఆమె దగ్గరే సైగలు నేర్చుకున్న మేస్త్రి ఆమెకు ఎదురుగా నిలబడి, "రేపట్నుంచి ఆ చెవిటిదానికి చీపురివ్వండి" అన్నాడు.

అతని పెదాలు చదివిన రేడియో, ఎవరా చెవిటిదని వెనక్కి తిరిగి చూసింది.