దేనికి సరే?

మా పిన్నికి 'సరే' అన్న మాటంటే పడదు. ఎవరి నోట విన్నా "దేనికి సరే?" అని చటుక్కున నిలదీస్తుంది.

"టీ పెట్టనా?" అని తనే అడుగుతుంది. పొరపాటున "సరే" అన్నామా, అయిపోయినట్టే! "దేనికి సరే? తాగాలని ఉండా, నా మాట కొట్టెయ్యలేకా?" ఈ విచారణ ముగిసేలోగా పాలు కాస్తా పొంగి పొయ్యిపాలవుతాయి. పెళ్ళికి బాబాయి సరే అన్నప్పుడూ ఇదే ప్రశ్న వేసిందట. ఆయన ఇప్పటికీ జవాబు ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ పిన్ని పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు. కొత్త మందొకటి ఎంతవరకు పనిచేస్తుందో, ఒప్పుకున్న రోగులకిచ్చి పరీక్షిస్తోంది. రోగులకు వివరం చెప్పి చేర్చుకునే పని నాది. నేను చేరుస్తూ వస్తుంటే, ఆవిడ వెనకాలే వచ్చి "దేనికి సరే?" అంటూ సగంమందిని జారవిడుచుకుంటుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే.

ఒకరోజు కిటికీ పక్క మంచం మీదున్న ఒక తాతకు మందు గురించి చెబుతున్నాను. నా మాట పూర్తికాకముందే "సరే బాబూ" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో పిన్ని ఊడిపడింది.

"దేనికి సరే తాతా?"

"మీరు దేనికంటే దానికేనమ్మా."

"మా వాడు ఏం చెప్పాడు?"

"మంచిదే చెప్పుంటాడులే."

నేను నేలచూపులు చూశాను. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది. "వద్దంటే ఏమవుతుందనుకుంటున్నావు?"

తాత దుప్పటి అంచు నలుపుతూ, "మంచం ఖాళీ చెయ్యమంటారు గదమ్మా. ఇంటి దగ్గర ఆయాసం వస్తే నన్ను చూసేదెవరు?" అన్నాడు.

ఆయన సరే అన్నది మందుకు కాదు, మంచానికి.

"మంచం నీదే, వైద్యమూ మామూలే. ఆ మందు మాత్రం నీ ఇష్టం," అంది పిన్ని. "ఏదీ, ఓసారి నాకు వద్దని చెప్పు."

"డాక్టరమ్మకు వద్దని ఎలా చెబుతానమ్మా!"

"నేర్పిస్తానుండు. నీళ్ళు తాగుతావా?"

"సరే."

"తాతా!"

"అదే... వద్దు."

"ఇంకో దుప్పటి కప్పనా?"

"వద్దు."

"మా వాడు పాట పాడతాడు, వింటావా?"

"వద్దమ్మా, వద్దు!" ఈసారి వార్డంతా వినబడింది.

"మరి కొత్త మందు?"

తాత కళ్ళు గట్టిగా మూసుకుని "వద్దు" అనేశాడు. పిన్ని మురిసిపోయింది. చేతికందిన మనిషిని పోగొట్టుకుని అంత సంబరపడిన డాక్టరును నేనింకెక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని అదే మంచం దగ్గర నిలబడి తాత నాడి పట్టుకుంది. ఆయన బిత్తరపోయాడు.

"వద్దన్నాను గదమ్మా, మళ్ళీ వచ్చావే?"

"వద్దన్నది మందునేగా, నన్ను కాదుగా!"

తాత బోసినోరంతా తెరిచి నవ్వాడు. తర్వాత దిండుకు ఆనుకుని, తీరిగ్గా సర్దుకుని కూర్చుని, "అయితే ఆ మందు సంగతేమిటో ఇప్పుడు చెప్పు. నిన్న భయంతో ఒక్క ముక్కా చెవికెక్కలేదు," అన్నాడు.