మా నాయన నసుగుడు

పోయిన వారం విరుదునగర్ గ్రంథాలయంలో తెలుగు నిఘంటువు తీసి ‘నసుగు’ అనే మాట వెదికితే, తేల్చి చెప్పకుండా గొణగడమని ఒక్క ముక్కతో సరిపెట్టారు. పెద్ద చదువులవాళ్ల మీద నాకు విసుగొచ్చేది ఇక్కడే. మా ఇళ్లలో ఆ మాట ఎంత పని చేసిందో ఆ ముక్కలో లేదు, ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు, కనుక నేనైనా రాసిపెట్టాలి.

మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. శుభమైన సంగతి ఎవరైనా అడిగితే మా పెద్దలు మొహాన వద్దనరు, అలా అంటే కీడని. ఏదో గడువు చెప్పి నసుగుతారు, అడిగినవాళ్లే గ్రహించుకుని లేచిపోవాలి.

ఎనిమిది ప్యాసైన వేసవిలో, కోవిల్‌పట్టి హైస్కూల్లో చేర్చమని నాయనను అడిగాను. చదువూ శుభమే కదా.

“చూస్తాం పాపా, వాన పడనీ” అన్నాడు.

బడిలో చేర్చుకునేది జూన్‌లో. మా నేలకు వాన వచ్చేది దీపావళి నాళ్లకు. ఊళ్లో ఎవరికైనా అది వద్దనడమేనని తెలుసు. నేను మాత్రం రోజూ మిద్దెక్కి మబ్బు కోసం చూశాను.

“మీ నాయన నసుగుతా ఉండాడే, తెలీలా? మబ్బులో ఏముండాదని చూస్తావు?” అని అత్త తిట్టేసరికి బడి తెరిచి నెలయింది.

ఆ పైన అగ్గిపెట్టెల కంపెనీలో చట్రాల్లో పుల్లలు పేర్చాను. శివకాశి అచ్చాఫీసులో పనిచేసే మామ తెచ్చిన, అచ్చు చెడిన తెలుగు క్యాలెండర్ కాగితాల మీద, మా అరవం బడిలో నేర్పని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మిగిలిన చదువంతా గ్రంథాలయాలదే, గొప్పగానే చెప్పుకుంటాను.

నాయన మంచం పట్టాక అడిగాను, ఆనాడే వద్దని ఎందుకు చెప్పలేదని.

“చెప్పింటే నువ్వు ఏడ్చిందువు గదా పాపా.”

ఏడ్చేదాన్నే. ఏడ్చి, అన్నం మానేసి, పోట్లాడి ఉండేదాన్ని. వద్దన్న మనిషితో పోట్లాడవచ్చు, నసిగిన మనిషితో దేని మీద పోట్లాడేది? ఆ మాట ఆయనతో అనలేక, నోట్లో ఏదో గొణిగి గంజి గిన్నె తీసుకుని లేచాను.

ఇప్పుడు మా మనవరాలు వద్దంటే వద్దని అరవంలో ఫోన్లోనే తేల్చేస్తుంది. బాగుంది. అయినా, ఎదుటి మనిషి కంట నీరు చూడలేక మాటను అంత దూరం తిప్పిన వాళ్లు ఇక లేరే అనుకుంటే దిగులుగా ఉంటుంది.

పై అర నుంచి నిఘంటువు దించి ఇచ్చిన గ్రంథాలయం అమ్మకు, కాగితాలు మోసుకొచ్చిన మామకు, విడమరచి తిట్టిన అత్తకు నా దండాలు. అత్త ఆ తిట్టు ఒక్క నెల ముందు తిట్టి ఉంటే, కాళ్లు మొక్కేదాన్ని.